పొగ రాకూడని ఇల్లు

"వాగు తగ్గిపోయింది," అంది సవ్‌సన్. ఆమె ఇంకా గుమ్మం దాటలేదు. చేతిలో బకెట్టు సగం కూడా నిండలేదు. ఆ సగంలోనూ అడుగున బురదే కనిపిస్తోంది.

లోపల స్తంభాల మధ్య కూర్చున్న ఆడవాళ్ళు మాటలాపారు. పెద్దాయన ఖుష్‌నజర్ పోయి ఇది మూడో రోజు. సాయంత్రం ఆయన పేరున దీపం వెలిగించాలి. ఆ దీపానికి వత్తి చేద్దామని దూది విప్పుతున్న ఆయన పెద్ద కూతురు ఒషుర్‌మో తలెత్తి తమ్ముడి పెళ్ళాం వంక చూసింది.

"మొన్న వాగు రంగు మారిందన్నావు. ఇవాళ తగ్గిందంటున్నావు. ఎప్పుడూ ఒకే తీరుగా పారతానని అది నీకేమైనా రాసిచ్చిందా?"

ఎవరో కిసుక్కున నవ్వి, చావింట్లో ఉన్నామని గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"నవ్వులాట కాదు వదినా. ఇంతేసి ఎండలు కాస్తున్నాయి. పైన మంచు కరుగుతుంటే వాగు పెరగాలి గానీ తగ్గుతుందా? ఎక్కడో కొండ జారి నీళ్ళకి అడ్డం పడుంటుంది. ఆ అడ్డం తెగిందంటే ఒక్కసారిగా మీద పడుతుంది. మావయ్య చెప్పేవారు కదా, ఎండల్లో వాగు తగ్గితే..."

"మా నాన్న పేరు నువ్వెత్తకు."

ఒషుర్‌మో గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

"నాన్నకి నువ్వు చేసిన మర్యాద ఊరంతా చూసింది. ఇంకా చాల్లేదా?"

సవ్‌సన్ బకెట్టు కింద పెట్టింది.

మొన్న జరిగింది మా రిజూద్ ఊళ్ళో ఎవరూ అప్పుడే మరిచిపోయే సంగతి కాదు. పెద్దాయనకి చివరి స్నానం చేయిస్తున్నారు. అదే సమయానికి వాగు ఎర్రగా మారడం చూసి సవ్‌సన్ సైరన్ నొక్కింది. అది ఆమె పనే. ఊరి సైరన్ ఏళ్ళ తరబడి పెద్దాయన చేతిలో ఉండేది, చూపు మందగించాక ఆయనే దాన్ని కోడలికి అప్పగించాడు. వీళ్ళ ఇల్లు ఊరికి ఎగువన మెట్ట మీద ఉంది. వాగు ఎంత పొంగినా అక్కడికి రాదు కనుకనే సైరన్ అక్కడ పెట్టారు. అది కూస్తే దిగువ ఇళ్ళవాళ్ళంతా మెట్ట ఎక్కాలని కట్టడి.

కూసింది. స్నానం చేయిస్తున్న మగవాళ్ళందరి పిల్లలూ, ముసలివాళ్ళూ కిందే ఉన్నారు. చేతిలో చెంబులు అక్కడే పారేసి అందరూ కిందికి పరిగెత్తారు. చెక్క మీద పెద్దాయన, సగం తడి ఒంటితో, మిగిలిపోయాడు. ఆయన తల కింద చెయ్యి పెట్టుకుని భార్య ముల్క్‌మో ఒక్కతే కూర్చుంది.

ఏ వరదా రాలేదు. ఎగువన ఎక్కడో గట్టు విరిగి కాస్త మట్టి కలిసింది, అంతే. సాయంత్రానికి నీళ్ళు తేరుకున్నాయి. ముల్క్‌మో ఆనాటి నుంచి కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు.

"అత్తయ్యా," అంది సవ్‌సన్ ఇప్పుడు. "మీరైనా ఒక మాట చెప్పండి. మీరు ఎన్ని వరదలు చూశారు!"

ఖననానికి ముందు భర్తని పడుకోబెట్టిన చోటికి పక్కనే, స్తంభానికి ఆనుకుని కూర్చున్న ముల్క్‌మో జపమాల తిప్పుతోంది. వేళ్ళు ఆగాయి. అందరూ ఆమె వంక చూశారు.

వేళ్ళు మళ్ళీ కదిలాయి.

ఆ మౌనానికి ఊరి మతగురువు ఖలీఫా షాబోజ్ ఇబ్బంది పడ్డాడు. దీపం ముందు చదవవలసింది ఆయనే. మంచివాడు, ఎవరినీ నొప్పించడు. ఎవరినీ నొప్పించకుండా ఉండాలనుకోవడమే ఆయనతో వచ్చిన చిక్కు.

"అమ్మా సవ్‌సన్, దుఃఖంలో ఉన్నప్పుడు భయం రెట్టింపవుతుంది. నీ తప్పేం లేదు. సాయంత్రం దీపం వెలగనీ. తెల్లారగానే ఇద్దరు కుర్రాళ్ళని ఎగువకి పంపి చూపిద్దాం. సరేనా?"

"తెల్లారేదాకా అది ఆగుతుందా ఖలీఫాగారూ?"

"ఇన్నేళ్ళు ఆగింది కదమ్మా," అని లేచాడు ఆయన. "నేను ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తాను."

ఆయన ఇల్లు వాగు ఒడ్డునే. మా ఊళ్ళో దాని కన్నా పల్లంలో మరో ఇల్లు లేదు. సవ్‌సన్ ఆయన వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయింది.

పెరట్లో ఆమె భర్త నియత్‌బేక్ కత్తి నూరుతున్నాడు. దీపం దగ్గర కొయ్యవలసిన గొర్రె ఇంకా రాలేదు. దాన్ని తేవడానికి ఒషుర్‌మో భర్త మమద్‌షో కారులో వెళ్ళాడు. కత్తి అప్పటికే కావలసినంత పదునెక్కింది. అయినా నియత్‌బేక్ నూరుతూనే ఉన్నాడు.

"ఏమండీ, ఒక్కసారి వచ్చి వాగు చూడండి."

"చూశాను."

"చూశారా? మరి?"

"మొన్న నాకు కూడా వాగు ఎర్రగానే కనబడింది, సవ్‌సన్. నువ్వు నొక్కుతానంటే నొక్కమన్నాను. ఆ సంగతి ఎవరికైనా చెప్పానా? తప్పంతా నీ మీదే పడింది. నాకు సిగ్గుగా లేదనుకున్నావా?"

ఆమె అతని పక్కన కూలబడింది. ఈ మాట అతను రెండు రోజులుగా దాచుకుని ఇప్పుడు చెప్పాడు. మరో రోజైతే ఆమె ఏడ్చేది.

"సిగ్గు సంగతి తరవాత చూసుకుందాం. ఆ చప్పుడు వినబడుతోందా మీకు?"

"ఏ చప్పుడు?"

"అదే. ఏమీ లేదు కదా."

అతను కత్తి ఆపాడు. నిజమే. పుట్టినప్పటి నుంచి చెవుల్లో ఉండే వాగు హోరు లేదు. ఎండబెట్టిన ఆప్రికాట్ పళ్ళ చుట్టూ ఈగల రొద వినబడుతోంది. కింద ఎవరో పసిపిల్లని జోకొట్టడం ఇంత దూరం వినబడుతోంది. మా ఊరికి ఆ హోరు ఊపిరి లాంటిది. అది ఆగితే మనసు కుదురుగా ఉండదు.

"నేను వెళ్ళి సైరన్ నొక్కుతాను," అంది ఆమె లేస్తూ.

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"వద్దన్నాను కదా. దీపం వెలిగేదాకా దాని జోలికి పోకు. అమ్మ..." అని ఆగాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు. "అమ్మ తట్టుకోలేదు."

అది తల్లి మీద జాలి అనుకుంది సవ్‌సన్. ఆ జాలి ఆమెకీ ఉంది. అందుకే సైరన్ దగ్గరికి వెళ్ళబోయినదల్లా ఆగి, మెట్ట దిగే కాలిబాట పట్టింది. ముందు కూతుర్ని తెచ్చుకోవాలి. వీలైతే నోటిమాటతోనే నలుగురినీ పైకి రప్పించాలి. సైరన్ ఆఖరి మార్గం.

చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలగకూడదు గనుక, తిండి ఇరుగుపొరుగు ఇళ్ళలోనే తయారవుతుంది. ఇవాళ రొట్టెల పని మెహర్‌బేగిం పిన్ని ఇంట్లో పెట్టుకున్నారు. సవ్‌సన్ కూతురు నిలుఫర్ పొద్దుటి నుంచి అక్కడే పిండి పిసుకుతోంది.

ఇంటికీ వాగుకీ మధ్య విల్లో చెట్ల వరస తప్ప మరేమీ లేదు. చెట్ల అవతల పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వాగు అడుగున ఎన్నడూ పైకి తేలని పెద్ద పెద్ద రాళ్ళు బయటపడ్డాయి. వాటి మీద నాచు ఇంకా తడిగానే ఉంది. రాళ్ళ మధ్య మడుగుల్లో చిక్కుకున్న చేపల్ని పిల్లలు చేత్తో పట్టి చొక్కాల్లో వేసుకుంటున్నారు.

సవ్‌సన్ ఒడ్డుకి పరిగెత్తింది.

"బయటికి రండి! అందరూ బయటికి రండిరా!"

"ఎన్ని చేపలో చూడు అత్తా!" అని ఒకడు చొక్కా విప్పి చూపించాడు.

కేకలకి మెహర్‌బేగిం బయటికి వచ్చింది. మోచేతుల దాకా పిండి. మనసు వెన్న, నోరు మాత్రం చీపురు.

"ఏమ్మాయ్, మళ్ళీ మొదలెట్టావా? మొన్న నీ పుణ్యమా అని మా అత్తని వీపు మీద వేసుకుని మెట్ట ఎక్కాను. ఇంకా నా నడుం చక్కబడలేదు."

"పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటాను. పిల్లల్ని పైకి పంపించు. వాగు చూడు, ఎలా ఎండిపోయిందో."

"పై ఊరివాళ్ళు పొలాలకి మళ్ళించుకుని ఉంటారు. వాళ్ళ బుద్ధి నాకు తెలీదా?"

"మొత్తం వాగునే మళ్ళిస్తారా ఎవరైనా?"

"ఆ ఊరివాళ్ళా? మళ్ళిస్తారు."

లోపల ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. సవ్‌సన్ ఆ నవ్వు దాటుకుని లోపలికి వెళ్ళింది. గుమ్మం పక్కన వరద మూట ఉండవలసిన చోట ఖాళీగా ఉంది. దుప్పట్లు, రొట్టె, మందులు, కాగితాలు కట్టి ప్రతి ఇంట్లోనూ గుమ్మం పక్కనే పెట్టుకోవాలని పెద్దాయన ఇల్లిల్లూ తిరిగి నేర్పాడు. చావుకి వచ్చిన చుట్టాలకి చాల్లేవని ఆ దుప్పట్లే విప్పి పంచేశారు. ఆయన నేర్పింది ఆయన చావుకే చెదిరిపోయింది.

"నిలుఫర్, లే. ఇంటికి పద."

పిండి ముద్ద మీద నుంచి నిలుఫర్ తలెత్తింది. పదమూడేళ్ళ పిల్ల. పక్కనున్నవాళ్ళు తనని చూస్తున్నారో లేదో ఒకసారి చూసుకుంది. చూస్తున్నారు.

"అమ్మా, మళ్ళీనా?"

"లెమ్మన్నాను."

"మొన్న కూడా ఇలాగే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళావు. నాతో ఎవరూ మాట్లాడటం లేదు, తెలుసా? తాతయ్యని వదిలేసి పారిపోయినవాళ్ళ పిల్లనట నేను."

"ఎవరన్నారు ఆ మాట?"

"ఎవరంటే ఏం? అంటున్నారు. ఈ పని పూర్తి చేశాకే వస్తాను. నువ్వు వెళ్ళు. దయచేసి వెళ్ళమ్మా."

సవ్‌సన్ ఆమె మణికట్టు పట్టుకుంది. పిండి జిగురుకి చెయ్యి జారింది. నిలుఫర్ విదిలించుకుంది. కళ్ళ నిండా నీళ్ళు, సిగ్గు, కోపం.

కూతుర్ని మోసుకుపోగలదు. కానీ వాగులో ఆ పిల్లలు? పిన్ని వాళ్ళ అత్తగారు, మంచంలో ఉన్నావిడ? ఒడ్డున స్నానం చేస్తున్న ఖలీఫా? సైరన్ కూస్తే తిట్టుకుంటూనైనా కదులుతారు. జీవితమంతా తిట్లు పడినా సరే, నొక్కేస్తాను అనుకుంది ఆమె. వెనక్కి తిరిగి మెట్ట ఎక్కే బాట మీద పరిగెత్తింది.

ఊపిరి అందడం లేదు. ఎండ నడినెత్తి మీద ఉంది. దారిలో ఒకసారి ఆగి లోయ ఎగువకి చూసింది. కొండల సందులో ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోవడమే ఆమెని భయపెట్టింది.

సైరన్ పెట్టె పశువుల కొట్టం గోడకి ఉంటుంది. మూత తీసింది. చెయ్యి మీట మీద పెట్టి ఒక్క క్షణం ఆగింది. కొట్టం అవతల ఇంట్లోంచి, సాయంత్రపు ప్రార్థనకి ఎవరో రుబాబ్ తీగలు శ్రుతి చేస్తున్న చప్పుడు వస్తోంది. అత్తయ్య జపమాల తిప్పుతూ కూర్చుని ఉంటుంది. క్షమించండి అత్తయ్యా, అనుకుని మీట నొక్కింది.

ఏమీ మోగలేదు.

మళ్ళీ నొక్కింది. రెండు చేతులతో నొక్కింది. పిచ్చిదానిలా మీటని పైకీ కిందికీ ఆడించింది. తరవాత వంగి పెట్టె అడుగున చూసింది. బ్యాటరీ ఉండవలసిన చోట దుమ్ములో దాని అచ్చు మాత్రమే ఉంది. రెండు తీగలు చివర్లకి గుడ్డ చుట్టి పక్కకి మడిచి పెట్టారు. శుభ్రంగా, జాగ్రత్తగా, ఇంటివాళ్ళు చేసిన పనే.

"నియత్‌బేక్!"

మొగుణ్ణి పేరు పెట్టి ఎన్నడూ పిలవని మనిషి. ఇంట్లో రుబాబ్ ఆగింది.

అతను వచ్చాడు. ఆమె అడగవలసిన పని లేకపోయింది.

"మొన్న సాయంత్రం తీశాను," అన్నాడు. "అమ్మ తియ్యమంది. ఇంకోసారి అది కూస్తే నేను కూడా ఆయన పక్కనే పడుకుంటానంది. ఏం చెయ్యమంటావు?"

"తీస్తే తీశారు. ఎక్కడ పెట్టారు? తెండి, మళ్ళీ తగిలిద్దాం. ఊఁ, కదలండి!"

"లేదు."

"లేదంటే?"

"బావ కారు స్టార్టు కాలేదు. దాని బ్యాటరీ పోయింది. ఎలాగూ ఇది ఊరికే ఉంది కదా అని... గొర్రె లేకుండా దీపం ఎలా పెడతాం, సవ్‌సన్? బావ వచ్చెయ్యాల్సింది ఈపాటికి. రాగానే తగిలిద్దామనే అనుకున్నాను. ఒట్టు."

ఊరంతా సైరన్ ఉందన్న ధైర్యంతో పడుకుంది రెండు రాత్రులూ. కొట్టం గోడకి ఉన్నది ఖాళీ పెట్టె. ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకరు జపమాల తిప్పుతున్నారు, ఒకరు కత్తి నూరుతున్నారు, ఒకరు గొర్రె బేరంలో ఉన్నారు. వీళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

"మీరు వెళ్ళి చెప్పండి," అంది సవ్‌సన్. "నా మాట వినరు. మీ మాట వింటారు."

"నా మాట మాత్రం? నువ్వు నూరిపోశావంటారు. ఇంటింటికీ తిరిగి నచ్చచెప్పాలి. అంత సమయం..."

వాక్యం పూర్తి చెయ్యలేదు. అతనికీ భయం పట్టుకుందని ఆమెకి అర్థమైంది. ఇన్నాళ్ళూ తను ఒక్కతే మోసిన భయం ఇప్పుడు ఇద్దరిదీ అయింది. దానివల్ల బరువేమీ తగ్గలేదు.

ఆమె ఇంటి కప్పు వంక చూసింది. కప్పు మధ్య నాలుగు చదరాల వెలుతురు గూడు. అందులోంచే మా ఇళ్ళలో పొగ బయటికి పోతుంది. మూడు రోజులుగా దాంట్లోంచి ఏమీ రాలేదు. ఊళ్ళో ఏ మూల నిలబడి తలెత్తినా ఈ మెట్ట మీది కప్పు కనబడుతుంది.

మా ఊరివాళ్ళ సంగతి చెప్తాను. వరద వస్తోందంటే నాలుగు ప్రశ్నలు వేస్తారు. చావింట్లో దీపం కన్నా ముందు పొయ్యి వెలిగిందంటే ఒక్క ప్రశ్న వెయ్యరు. చేతిలో పని అక్కడే పడేసి, పిల్లాజెల్లాతో సహా, దెబ్బలాడటానికి వస్తారు.

సవ్‌సన్‌కి ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు. మాట్లాడకుండా ఇంట్లోకి నడిచింది.

పొయ్యి పక్కన కూర్చున్న ఆడవాళ్ళని దాటుకుంటూ వెళ్ళి, అటక మీది పిడకల బుట్ట దించింది. పొయ్యిలో చల్లారిన బూడిద మీద పిడకలు పేర్చింది. కింద ఎండు పుల్లలు దోపింది. ఆమె ఏం చేస్తోందో చాలాసేపు ఎవరికీ బుర్రకెక్కలేదు. ఎక్కడానికి వీల్లేని పని అది.

అగ్గిపుల్ల గీసిన చప్పుడుకి ఒషుర్‌మో కేక పెట్టింది.

"ఏం చేస్తున్నావే! అమ్మా, చూడు ఇది ఏం చేస్తోందో! నీకు పిచ్చెక్కిందా? నాన్న ఆత్మ ఇంకా ఇంట్లోనే ఉంది! ఒసే, ఆపు!"

ఒషుర్‌మో ఆమె చెయ్యి మీద కొట్టింది. అగ్గిపుల్ల ఆరిపోయింది. సవ్‌సన్ మరొకటి గీసింది. ఒషుర్‌మో జుట్టు పట్టుకుంది.

"అక్కా, వదులు!" అన్నాడు గుమ్మంలోంచి నియత్‌బేక్. "వదలవే! సైరన్ లేదు. నేనే తీసేశాను. ఇక ఊరిని పిలవడానికి ఇంకేం లేదు."

"ఏం లేకపోతే మాత్రం? నాన్న పొయ్యి..."

"ఒషుర్."

ముల్క్‌మో గొంతు అది. రెండు రోజుల తరవాత ఆ ఇంట్లో ఆమె పలికిన మొదటి మాట. ఒషుర్‌మో చేతులు జుట్టులోనే ఆగిపోయాయి.

పెద్దావిడ స్తంభం పట్టుకుని లేచింది. పొయ్యి దగ్గరికి వచ్చింది. పుల్లలకి అంటుకున్న చిన్న మంటని చూసింది. దాన్ని కాలితో తొక్కుతుందేమోనని సవ్‌సన్ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"మొన్న అందరూ వెళ్ళిపోయాక," అంది ముల్క్‌మో మెల్లగా, "ఆయన తల నా చేతిలో ఉంది. ఎంత బరువో! ఒక్కదాన్నే మొయ్యలేకపోయాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో నీకు తెలీదు. ఇప్పటికీ ఉంది."

"ఉండనివ్వండి అత్తయ్యా."

"వాగు చప్పుడు ఆగడం పొద్దున్నే విన్నాను. నాకూ తెలుసు దానర్థం. ఆయన పక్కన యాభై ఏళ్ళు బతికినదాన్ని. తెలిసీ నోరు మెదపలేదు." ఆమె పొయ్యి పక్కన కూర్చుంది. "ఈ ఒక్క సాయంత్రం ఆయనకి ప్రశాంతంగా జరిగిపోవాలనుకున్నాను. అంతే."

ఏడుపు వస్తున్నా ఒషుర్‌మో చేతులు వెనక్కి తీసుకుంది.

ముల్క్‌మో మంట వంక మళ్ళీ చూసింది.

"ఎండు పిడకలకి పొగ రాదే పిచ్చిదానా. కొట్టంలో పచ్చగడ్డి ఉంది. తడిపి తీసుకురా."

నియత్‌బేక్ పరిగెత్తాడు.

పొగ ముందు ఇంట్లోనే సుళ్ళు తిరిగింది. అందరూ దగ్గుతూ బయటికి వచ్చారు. తరవాత అది వెలుతురు గూడు దారి పట్టుకుంది. గాలి లేని ఎండలో నిటారుగా, తెల్లగా, దాచడానికి వీల్లేనంతగా పైకి లేచింది. ఇల్లు విడిచి ముల్క్‌మో ఒక్కతే రాలేదు. పొయ్యి దగ్గరే కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ గడ్డి వేస్తోంది.

కింద మొదట ఒక కుక్క మొరిగింది. తరవాత ఎవరో ఆడమనిషి పెద్ద కేక వేసింది. ఆ కేక ఒక కప్పు మీద నుంచి మరో కప్పు మీదికి పాకింది. జనం వాకిళ్ళలోకి వచ్చి తలలెత్తారు. చేతులు చాచి చూపించుకున్నారు. ఆ తరవాత, సవ్‌సన్ అనుకున్నట్టే, బాట మీదికి ఎక్కారు.

అందరికన్నా ముందు ఖలీఫా వచ్చాడు. తడి గడ్డం, సగం తొడిగిన చొక్కా. ఎవరినీ నొప్పించని ఆ మనిషి ఎంత మాట పడితే అంత మాట అంటున్నాడు. సవ్‌సన్ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆయన తిట్టు మధ్యలో ఆగి అయోమయంగా చూశాడు.

"తిట్టండి ఖలీఫాగారూ. పైకి వచ్చారు కదా. తిట్టండి."

జనం వస్తూనే ఉన్నారు. ముసలివాళ్ళని మోసుకుంటూ, పసివాళ్ళని చంకనేసుకుని, శాపనార్థాలు పెడుతూ. ఎందుకు పిలిచామో నియత్‌బేక్ గొంతు చించుకుని చెబుతున్నాడు. సగం మంది వింటున్నారు, సగం మంది అతని మీద అరుస్తున్నారు. సవ్‌సన్ ఎవరి మాటా వినడం లేదు. వచ్చిన ప్రతి ముఖాన్నీ చూస్తోంది.

మెహర్‌బేగిం అత్తగారిని వీపు మీద వేసుకుని ఆయాసపడుతూ ఎక్కింది. చేతులకి పిండి అలాగే ఉంది.

"పిన్నీ, నిలుఫర్ ఏది?"

"రాలేదా?" మెహర్‌బేగిం వెనక్కి తిరిగింది. "పొగ చూడగానే అందరికన్నా ముందు లేచింది అదే కదా. మేమంతా తిడుతుంటే, మా అమ్మ ఊరికే పొయ్యి వెలిగించదు అని మా మీద అరిచింది. నాకు నోట మాట రాలేదు."

"తరవాత?"

"పిల్లల్ని బయటికి తోలుకొస్తానని వాగులోకి దిగింది. నేను వద్దన్నాను, వినలేదు."

బాట మలుపులో పిల్లలు కనబడ్డారు. ఒకరి వెనక ఒకరు, తడి కాళ్ళతో, భయంగా. ఒకడి చొక్కాలో చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి. సవ్‌సన్ వాణ్ణి భుజాలు పట్టి ఆపింది.

"నిలుఫరక్క ఏదిరా?"

"వస్తోంది అత్తా. చిన్న నసీబా కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. అక్క తీస్తోంది. మమ్మల్ని వెనక్కి చూడకుండా పొమ్మంది."

సవ్‌సన్ మలుపు దాకా వెళ్ళి చూసింది. పిల్లల వెనక బాట ఖాళీగా ఉంది.

నియత్‌బేక్ అప్పటికే ఆమెని దాటి కిందికి పరిగెత్తుతున్నాడు. ఆమె కూడా అడుగు వేసింది. అప్పుడే ఎగువ కొండల సందులోంచి తడి మట్టి వాసన వచ్చింది. గాలి లేకుండానే విల్లో కొమ్మలు ఒక్కసారి ఊగాయి. తిడుతున్నవాళ్ళంతా ఎగువకి తిరిగారు.

ఇంటి గుమ్మం దగ్గర పొద్దున్న ఆమె దించిన బకెట్టు అలాగే ఉంది. ఎవరూ తాకలేదు. అందులో నీళ్ళు వాటంతట అవే వణకడం మొదలుపెట్టాయి.